ఆట ఆడేవాళ్లది

పెద్దగట్టు జాతరకు పోయినవాళ్లకు తెలుసు, అక్కడ ఊరికే చూసేవాళ్లంటూ ఎవరూ మిగలరు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గజ్జెల లాగులు తొడుక్కుని, భేరీల మోతకు అడుగు కలుపుతూ, 'ఓ లింగా' అని అరుస్తూ జనం గుట్టెక్కుతుంటే, చూసిపోదామని వచ్చినవాడి కాలు కూడా తెలియకుండానే కదులుతుంది. బతుకమ్మదీ ఇదే తీరు. వలయం బయట నిలబడి చప్పట్లు కొట్టే ఆనవాయితీ బతుకమ్మకు లేదు. అక్కడ చప్పట్లు కొట్టేది ఆడేవాళ్లే.

ఇంత ఆట ఉన్న నేల మీద పుట్టి కూడా, చదువుకుని ఒక పనిలో కుదురుకున్న ఆడవాళ్లం ఆటకు దూరమైపోతాం. బడిలో వార్షికోత్సవాల దాకా ఆడతాం. పదో తరగతి వచ్చేసరికి గజ్జెలు అటకెక్కుతాయి. అక్కడి నుంచి డాన్సంటే వేదిక మీద ఎవరో చేసేది, మనం కుర్చీలో కూర్చుని చూసేది. ఏ పెళ్లి బరాత్‌లోనో నాలుగడుగులు వేస్తే వేసినట్టు. నలభై దాటిన మనిషి, అందునా పదిమందీ 'మేడం' అని పిలిచే పనిలో ఉన్న మనిషి, కొత్తగా ఆట నేర్చుకుంటానంటే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఇప్పుడెందుకు? ఎవరికి చూపించడానికి?" నేను నేర్చుకుంటున్నది బెల్లీ డాన్స్ కాబట్టి ఆ ప్రశ్న నన్ను కాస్త గట్టిగానే అడిగారు. చాలా రోజులు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

నాది తిరుమలగిరి. ఉండేది సూర్యాపేటలో. చేసేది చార్టర్డ్ అకౌంటెంట్ పని. ఈ చుట్టుపక్కల నన్ను 'ఆడిటరమ్మ' అంటారు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, కోదాడ సిమెంటు డీలర్లు, సూర్యాపేట, తిరుమలగిరి మార్కెట్లలోని అడ్తిదారులు, వీళ్ల లెక్కలన్నీ మా ఆఫీసు బల్ల మీదికి వస్తాయి. మా నెలలో తారీఖులే రాజులు. 11కు అమ్మకాల రిటర్ను, 20కి పన్ను కట్టే రిటర్ను. సెప్టెంబరు 30కి టాక్స్ ఆడిట్ రిపోర్టులు. బతుకమ్మ పూలు విరగబూసే రోజుల్లోనే మాకు తల ఎత్తే తీరిక ఉండదు. లెక్కంటే కాగితం మీద అంకెలే కాదు. ప్రభుత్వం మర ఆడించమని ఇచ్చిన ధాన్యం క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగి అప్పజెప్పాలి. మిల్లుకు పోయి బస్తాల వరసలు లెక్కపెట్టాలి, నూకలు, తవుడు ఎంత వచ్చాయో చూడాలి, ఊక ఎక్కడికి పోయిందో అడగాలి. ఒక్క సంతకం పెట్టామంటే దాని వెనక ఒక సంస్థ పరువు, బ్యాంకు అప్పు, పనివాళ్ల జీతాలు ఉంటాయి.

ఈ పని నాకిష్టం. ఇష్టం కాబట్టే అది నన్ను ఎంతగా తీసుకుందో చాలాకాలం గమనించలేదు. పొద్దున కుర్చీలో కూర్చుంటే రాత్రికి లేచేదాన్ని. కళ్లు, వేళ్లు, బుర్ర, ఈ మూడింటికే రోజంతా పని. మెడ కింద ఒక ఒళ్లు ఉందన్న సంగతి నొప్పి వచ్చినప్పుడే గుర్తొచ్చేది. నాకు తెలిసిన ఆడవాళ్లలో చాలామందిది ఇదే కథ. బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు, కాలేజీలో పేపర్లు దిద్దే లెక్చరరు, అందరం ఒంటిని పనికి తోడు తీసుకుపోయే బరువుగానే చూస్తున్నాం. యోగా చేయమంటారు, నడవమంటారు. మంచిదే. కానీ అవి కూడా మందు వేసుకున్నట్టే చేస్తాం. ఒంటికి సంతోషం అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పరు.

ఒక సెప్టెంబరు రాత్రి పని ముగిశాక నిద్రపట్టక ఫోన్లో పాత సినిమా ముక్కలు చూస్తూ ఉన్నాను. 1946 నాటి ఒక ఈజిప్టు సినిమాలోని నాట్యం కనపడింది. నలుపు తెలుపు బొమ్మ. ఆడుతున్నామె పేరు తహియా కారియోకా అని తర్వాత తెలిసింది. బెల్లీ డాన్స్ అంటే నాకు అప్పటిదాకా తెలిసింది హిందీ, తెలుగు సినిమాల్లో కెమెరా పరుగులు తీస్తూ చూపించే పాటలే. ఇందులో ఆమె అసలు పరుగెత్తదు. ఉన్నచోటనే, నాలుగు చాపల మేర దాటకుండా ఆడుతుంది. భుజాలు నిమ్మళంగా ఉంటాయి. మొహంలో చిన్న నవ్వు, తనలో తాను మాట్లాడుకుంటున్న నవ్వు. నడుము మాత్రం వాద్యం ఏం చెబుతోందో ఒక్కొక్క అక్షరమూ పలుకుతుంది. ఎవరినో మెప్పించాలన్న తొందర ఆ మనిషిలో లేదు. ఆ తీరిక చూసి నాకు కన్ను చెమర్చింది. అంత తీరికగా నా ఒంట్లో నేను ఎప్పుడు ఉన్నాను?

పాలస్తీనాలో పుట్టి కైరోలో పెరిగిన ఎడ్వర్డ్ సయీద్ ఈమె ఆటను 1950లో కుర్రవాడిగా చూశాడు. ప్రపంచమంతా గౌరవించే పండితుడయ్యాక, 1990లో ఆమె మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఎగరడం, దూకడం లేని ఆ కుదురే ఆమె గొప్పతనమని అతను గుర్తించాడు. ఆ వ్యాసం తర్వాత చదివాను. నాకు ఆ రాత్రి అనిపించిందే ఒక మహా విమర్శకుడికీ అనిపించిందని తెలిసి ధైర్యం వచ్చింది.

హైదరాబాదులో నేర్పే ఒక టీచరు దొరికారు. మామూలు రోజుల్లో ఫోన్లోనే క్లాసు, వీలున్న ఆదివారం బస్సెక్కి పోయి ఆమె ముందు ఆడటం. మొదటి పాఠం నిలబడటం. మోకాళ్లు బిగించకూడదు, కొద్దిగా వదలాలి. వెన్ను కింది ఎముకను నేల వైపు దించాలి. పొత్తికడుపును లోపలికి లాక్కుని ఊపిరి బిగబట్టే అలవాటు మానాలి. ఆడపిల్లగా పుట్టిన రోజు నుంచి 'కడుపు లోపలికి పెట్టు' అని విన్న మనిషికి ఇది అంత సులువైన పని కాదు. ఆ తర్వాత 8 అంకె. నేల మీద పడుకోబెట్టిన 8ని తుంటితో గీయాలి: కుడి తుంటి ముందుకు, పక్కకు, వెనక్కు, మధ్యలోంచి దాటి ఎడమ తుంటి ముందుకు, పక్కకు, వెనక్కు. పైభాగం కదలకూడదు. రోజంతా చేత్తో రాసే అంకెను ఒంటితో రాయడం! అద్దంలో చూసుకుంటే మొదట్లో నా 8 గీత తెగిపోయేది, ఒక పక్క సున్నా పెద్దదయ్యేది. ఎప్పుడో ఒకనాడు, ఎక్కడా ఆగకుండా, రెండు సున్నాలూ ఒక్క కొలతలో తిరిగాయి. నడుము లోపల ఎక్కడో పదేళ్లుగా మూసి ఉన్న తలుపు తెరుచుకున్నట్టయింది.

తాళం గురించి కూడా చెప్పాలి. ఈ ఆటకు ప్రాణం తబలా. మన తబలా కాదు. అరబ్బు దేశాల్లో చంకలో పెట్టుకుని వాయించే, సన్నటి నడుమున్న ఒంటి డోలును వాళ్లు తబలా అంటారు. దర్బుకా అని ఇంకో పేరు. నడి మీద కొడితే 'దుమ్', అంచు మీద కొడితే 'టెక్'. మక్సూమ్ అనే తాళం ఎనిమిది మాత్రలది: దుమ్ టెక్, ఒక విరామం, టెక్ దుమ్, ఒక విరామం, టెక్, మళ్లీ విరామం. దుమ్ దగ్గర తుంటి నేలకు దిగుతుంది, టెక్ దగ్గర పైకి లేస్తుంది. డప్పు వింటూ పెరిగిన చెవికి ఈ లెక్క పరాయిది కాదు. మా ఊళ్లో డప్పుకు కూడా నడిమి దెబ్బ వేరు, అంచు మీది దెబ్బ వేరు. సయీదీ అనే ఇంకో తాళం ఉంది. దక్షిణ ఈజిప్టు పల్లెల్లో మగవాళ్లు కర్రసాము చేస్తూ ఆడే ఆటకు తాళం అది. అక్కడి ఆడవాళ్లు కూడా అదే కర్రను చేతికి తీసుకుని, సాములోని దెబ్బలను ఆటగా మార్చుకున్నారు. ఆ తాళం మొదటిసారి విన్నప్పుడు నా కాలు పెద్దగట్టు మెట్ల మీద ఉన్నట్టే కదిలింది.

నేర్చుకునే కొద్దీ ఈ ఆట కథ తెలుసుకోవాలనిపించింది. కైరోలో ఇళ్లలో, పెళ్లిళ్లలో, పురుళ్లలో ఆడవాళ్లు ఒకరి కోసం ఒకరు ఆడుకునే ఆట ఇది. తల్లి ఆడుతుంటే చూసి కూతురు నేర్చుకుంటుంది. పెళ్లి ఊరేగింపులో వెలిగించిన కొవ్వొత్తుల దీపస్తంభాన్ని నెత్తి మీద నిలబెట్టుకుని నాట్యకత్తె ముందు నడుస్తుంది. దీపం వణకకూడదు. ఇంటి ఆటకు తోడు వీధుల్లో ఆడి బతికేవాళ్లు, ఘవాజీలనేవాళ్లు, ఉండేవారు. వాళ్ల దగ్గర పన్ను వసూలు చేసుకుంటూ వచ్చిన ప్రభుత్వమే 1834లో వాళ్లను కైరో నుంచి వెళ్లగొట్టింది. ముహమ్మద్ అలీ పాషా ఆజ్ఞతో వాళ్లంతా దక్షిణాన ఎస్నా, కెనా, అస్వాన్ పట్టణాలకు పోవాల్సి వచ్చింది. పన్నుల లెక్కలు చూసే నాకు ఆ సంగతి చదివినప్పుడు చేదుగా అనిపించింది. వాళ్ల సంపాదన ఖజానాకు పనికొచ్చింది, వాళ్ల ముఖం మాత్రం నగరానికి పనికిరాలేదు.

ఆ ఆటే మళ్లీ నగరానికి వచ్చింది. 1926లో బదియా మసాబ్నీ అనే ఆమె కైరోలో ఒక నాట్యశాల తెరిచింది. తహియా కారియోకా, సామియా గమాల్ అక్కడ తయారైనవాళ్లే. ఇంటి గదిలో ఆడే ఆటకు అక్కడ వేదిక దొరికింది, వాద్యబృందం దొరికింది, చేతుల విన్యాసం పెరిగింది. అరబ్బీలో 'రక్స్ షర్కీ' అని పిలిచే రూపం అలా కుదిరింది. 1959లో మహమూద్ రెదా ఒక బృందం పెట్టాడు. అతను 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో పాల్గొన్నవాడు. ఆ బృందంలో ముఖ్య నర్తకి ఫరీదా ఫహ్మీ. ఆమె తండ్రి ఇంజనీరింగ్ ప్రొఫెసరు. కూతురు పదిమంది ముందు ఆడితే పరువు పోతుందనుకునే కాలంలో ఆ తండ్రి ఆమె వెనక నిలబడ్డాడు. ఫరీదా తర్వాత కాలిఫోర్నియా వెళ్లి నాట్యం మీదే పైచదువు చదువుకుంది.

ఇదంతా ఎక్కడో నైలు ఒడ్డు కథ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ మన దగ్గర జరిగింది వేరేమీ కాదు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. చిన్నపిల్లలను గుడికి అంకితం చేయడం ఆగాల్సిందే, ఆ చట్టం కావాల్సిందే. కానీ అదే గాలిలో కోస్తా ఆంధ్ర కళావంతుల మేళాలు కూడా కూలిపోయాయి. ఆడవాళ్ల బతుకును బాగుచేయబోయి వాళ్ల ఆటను నేరంగా చూశారు. తరతరాల అభినయం ముసలి తల్లుల ఒంట్లోనే ఉండిపోయింది. నటరాజ రామకృష్ణగారు ఆ తల్లుల ఇళ్లకు పోయి, వాళ్లను గౌరవంగా పిలిచి, వాళ్లకు తెలిసింది నేర్చుకున్నారు. 1970లో హైదరాబాదులో జరిగిన సదస్సుతో ఆ సంప్రదాయానికి 'ఆంధ్రనాట్యం' అనే పేరు నిలిచింది. ఆయన 2011లో కన్నుమూశారు. ఈ నేల మీద ఆడే ప్రతి ఆడదీ ఆయనకు రుణపడి ఉంది.

రామకృష్ణగారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఆధారంగా పట్టుకున్న గ్రంథం 'నృత్తరత్నావళి'. దాన్ని రాసిన జాయప సేనాని కాకతీయ గణపతిదేవుడి బావమరిది, ఏనుగుల దళానికి అధిపతి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. యుద్ధానికి పోయే ఏనుగుల మేత, శిక్షణ, మావటీల జీతభత్యాలు, దండయాత్రలు, ఇంత బరువు నెత్తినున్న మనిషి 1253–54 ప్రాంతంలో నాట్యం మీద ఎనిమిది అధ్యాయాల పుస్తకం రాశాడు. అందులో సగం, నాలుగు అధ్యాయాలు, శాస్త్రానికి కట్టుబడిన మార్గ పద్ధతికి. మిగిలిన సగం దేశి ఆటలకు, అంటే ఆ కాలపు జనం ఊళ్లలో, వీధుల్లో నిజంగా ఆడుకున్నవాటికి. సేనాని స్థాయి మనిషి జనం ఆటను పక్కన కూర్చుని చూశాడు, రాసుకున్నాడు, శాస్త్రంతో సమానమైన చోటు ఇచ్చాడు. పనిభారం ఉన్నవాడికి కళ అక్కర్లేదని ఎవరైనా అంటే నాకు జాయపే గుర్తొస్తాడు.

ఆ కాలపు గుళ్లు మాకు దూరం కూడా కాదు. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది. నున్నగా మెరిసే ఆ నల్లరాతి స్తంభాల దగ్గర నిలబడినప్పుడు, ఒక ఆడమనిషి పేరు మీద నిలిచిన గుడి ఇది అని గుర్తుచేసుకుంటాను. పాలంపేట రామప్ప గుడి బయటి మదనికలను చూడండి. శిల్పి ఆ రాతి ఒంటిని మూడు చోట్ల వంచాడు. నడుము తిరిగినందువల్లనే ఆ రాయికి ప్రాణం వచ్చింది. నడుమును దాచమని ఆ శిల్పికి ఎవరూ చెప్పలేదు.

భరతుడి నాట్యశాస్త్రం తిరగేస్తే ఇంకో సంగతి దొరికింది. కటికి, అంటే నడుముకు, ఆయన ఐదు చలనాలు చెప్పాడు: ఛిన్నం, నివృత్తం, రేచితం, కంపితం, ఉద్వాహితం. మధ్యలో మలగడం, వెనుదిరగడం, చుట్టూ తిరగడం, వేగంగా అదరడం, మెల్లగా పైకెత్తడం. మా టీచరు తుంటి చక్రం అని నేర్పింది రేచితానికి దగ్గర. షిమ్మీ అని నేర్పిన అదురు కంపితం. తుంటి ఎత్తడం ఉద్వాహితం. అంతే కాదు, భరతుడు కడుపుకు కూడా మూడు స్థితులు చెప్పాడు: క్షామం, ఖల్వం, పూర్ణం. కడుపు సన్నబడటం, లోపలికి వంగడం, నిండుగా ఉబ్బడం. నైలు ఆటకూ మన శాస్త్రానికీ చుట్టరికం కలపాలని నేను ఈ మాట చెప్పడం లేదు. రెండు చోట్లా మనిషి ఒంటిని సిగ్గు లేకుండా, శ్రద్ధగా చూసినవాళ్లున్నారు. అలా చూసినవాళ్లకు ఒకే నిజాలు కనపడ్డాయి. ఊపిరి తీసుకునే కడుపు, బరువు మోసే నడుము ఆటకు పనికిరానివని వాళ్లెవరూ అనుకోలేదు.

మరి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? చూసేవాళ్ల దగ్గరి నుంచి వచ్చింది. మన సినిమాల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత ఆడిన పాటలకు హాళ్లలో ఈలలు మోగాయి. సినిమా వదిలాక అదే నోళ్లు వాళ్లను తక్కువచేసి మాట్లాడాయి. వేడి లైట్ల కింద, ఒక్క ముక్కను పదే పదే ఆడి, తాళం తప్పకుండా నిలబెట్టిన వాళ్ల కష్టం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు కాళ్లూ నడుమూ నొప్పెట్టేదాకా ఒక్క అదురును సాధన చేసే నాకు వాళ్లెంత గట్టి పనిమంతులో తెలుస్తోంది. వాళ్ల పేర్లు చేతులెత్తి తలుచుకుంటాను. 1834లో కైరోలో గానీ, 1947 తర్వాత మన కోస్తాలో గానీ, తెరల మీది ఈ ఆడవాళ్ల విషయంలో గానీ జరిగింది ఒక్కటే. ఆటను చూసేవాడి కళ్లతోనే కొలిచారు. ఆడే మనిషికి అందులో ఏముందని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నతో నేను పోయింది మా అమ్మ దగ్గరికి. తిరుమలగిరిలో మా ఇంట్లో, చున్నీకి మువ్వలు కుట్టుకుని నడుముకు కట్టుకుని ఆమె ముందు ఆడాను. భయంగానే ఉంది. అమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కాసేపు చూసి, "నాట్లేసినన్ని రోజులు నడుం వంచుడే గాని తిప్పుడెక్కడిది బిడ్డా మాకు?" అంది. తర్వాత లేచి నిలబడి నా భుజాలు పట్టుకుంది. "నువ్వు పైన ఊగుతున్నవ్. నెత్తి మీద బిందె ఉన్నదనుకో. మెడ కదిలితే నీళ్లొలుకుతయి. కిందనే సర్దుకోవాలె." చెప్పడమే కాదు, గచ్చు మీద నాలుగడుగులు నడిచి చూపించింది. డెబ్బై దాటిన ఆ ఒంట్లో తల, భుజాలు ఒక్క గీతలో నిలిచాయి, తుంటి మాత్రం అడుగడుక్కీ మెత్తగా దిగుతూ లేస్తూ పోయింది. బోరింగు నుంచి ఇంటికి నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలు మోసిన నడక అది. మా టీచరు నెలల తరబడి నా చేత చేయించాలని చూస్తున్న సంగతిని అమ్మ ఒక్కమాటతో నా ఒంట్లోకి దించింది. కైరోలో దీపం మోసే నాట్యకత్తెకు తెలిసిన విద్య మా అమ్మకూ తెలుసు. ఆమెకు తెలుసని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఉద్యోగం, కళ రెండూ పూర్తి స్థాయిలో నడిపినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆనందా శంకర్ జయంత్‌గారు రైల్వే ట్రాఫిక్ సర్వీసులో అధికారిణిగా పనిచేస్తూనే భరతనాట్యం, కూచిపూడిలో దేశం గర్వించే స్థాయికి ఎదిగారు. దక్షిణ మధ్య రైల్వేలో ఆ సర్వీసుకు వచ్చిన మొదటి మహిళ ఆమెనే. 2007లో పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాదే రొమ్ము క్యాన్సరని తేలింది. చికిత్స నడుస్తున్న రోజుల్లో కూడా నాట్యం ఆపలేదు. నాట్యమే తనను నిలబెట్టిందని ఆమె 2009లో మైసూరులో జరిగిన టెడ్ సభలో చెప్పినప్పుడు ప్రపంచం విన్నది. రైళ్ల రాకపోకలు చూసే బాధ్యత, ఒంటిని పిండే జబ్బు, ఈ రెండింటి మధ్యా ఆమె ఆటకు చోటు తగ్గించలేదు. అంతటివాళ్లను చూసి మనం చేయి జోడించి ఆగిపోకూడదు. చిన్ననాటి నుంచి నేర్చినవాళ్లు, బిరుదులు వచ్చినవాళ్లే ఆడాలని ఎక్కడా లేదు. నాలాగా ఆలస్యంగా మొదలుపెట్టి, ఏ వేదికా ఎక్కకుండా ఆడేవాళ్లకు కూడా ఆట మీద అంతే హక్కుంది.

ఎందుకంటే పని స్వభావం ఒకటి ఉంది. నా పని మొత్తం ఇతరులది. లెక్క కక్షిదారుది, తారీఖు ప్రభుత్వానిది, సంతకం చదివేది బ్యాంకు. అందులో తప్పేం లేదు, మనం పదిమందికి పనికొస్తున్నామన్న తృప్తి చిన్నది కాదు. కానీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చేసే ప్రతి పనికీ ఇంకెవరో కొలమానం పట్టుకుని నిలబడి ఉంటే, మనిషిలో ఏదో ఒక మూల ఎండిపోతుంది. ఇల్లూ పిల్లలూ కూడా ప్రేమతో చేసేవే అయినా, అవీ ఇంకొకరికి చేసేవే. ఆట ఒక్కటే నాకు ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని చోటు. షిమ్మీ సాగుతున్నప్పుడు మోకాళ్లు సన్నగా అదురుతుంటాయి, మువ్వలు ఒక్క మోతగా కలుస్తాయి, ఊపిరి కడుపు దాకా దిగుతుంది. ఆ కాసేపు నేను ఆడిటరమ్మను కాదు, అమ్మను కాదు, కోడలిని కాదు. ఒట్టి మనిషిని.

ఆట వల్ల పని బాగా చేస్తున్నావా, నడుం నొప్పి తగ్గిందా అని అడుగుతారు. నొప్పి తగ్గింది, నిజమే. ఎక్కువసేపు కూర్చున్నా వెన్ను నిలుస్తోంది. కానీ అందుకోసం ఆడుతున్నానని చెప్పడం నాకిష్టం లేదు. అలా చెబితే ఆటను కూడా పనికి కూలీగా పెట్టినట్టవుతుంది. ఆడవాళ్లు ఏదైనా తమ కోసం చేసుకుంటే దానికి ఒక కారణం చూపించాలి: ఆరోగ్యమనో, పిల్లలకు నేర్పడానికనో, నాలుగు రూపాయలొస్తాయనో. సంతోషం అనే కారణం చాలదంటారు. చాలుతుంది. పెద్దగట్టు ఎక్కే యాదవ తల్లిని ఎందుకు ఆడుతున్నావని ఎవరైనా అడుగుతారా? బతుకమ్మ చుట్టూ తిరిగే ముసలమ్మను, ఇది నీకేం లాభమని అడుగుతారా?

సమయం ఎక్కడిదన్నది ఇంకో ప్రశ్న. సెప్టెంబరులో నాకు నిజంగానే సమయం ఉండదు. అప్పుడు ఒక్క పాట ఆడతాను. మిల్లుల సీజనులో అదీ కుదరని రోజులుంటాయి. ఆట కోపగించుకోదు, మళ్లీ నిలబడి మోకాళ్లు వదిలితే వచ్చేస్తుంది. మొదట్లో గది తలుపు మూసి ఆడేదాన్ని. ఇప్పుడు మా వీధిలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వస్తున్నారు. ఒకామె టీచరు, ఒకామె మెడికల్ షాపు నడుపుతుంది. ఎవరూ వేదిక ఎక్కాలని రాలేదు. మధ్యలో కుర్చీలు వేయం. గుండ్రంగా నిలబడతాం, ఒకరి నడుము చూసి ఇంకొకరం నేర్చుకుంటాం, తాళానికి చప్పట్లు మేమే కొట్టుకుంటాం. కైరో ఇళ్లలో ఆడవాళ్లు ఆడుకునే తీరు అదే, మా బతుకమ్మ తీరూ అదే.

అందుకే నా వయసు, నాలాంటి పని ఉన్న చెల్లెళ్లకు, అక్కలకు నా మాట ఇది. మీకు బెల్లీ డాన్సే నచ్చాలని లేదు. కోలాటం కావచ్చు, పేరిణి కావచ్చు, ఈత కావచ్చు, డప్పు కావచ్చు. కానీ ఒంటితో చేసేది, మీకోసమే చేసేది, ఎవరి కొలమానానికీ అందనిది ఒకటి పెట్టుకోండి. వయసు మీరిందనుకోకండి, మా అమ్మ డెబ్బై దాటాక నాకు గురువైంది. పని ఎక్కువుందనుకోకండి, ఏనుగుల దళం మనలో ఎవరి నెత్తినా లేదు. ఎవరికి చూపించడానికి అని అడిగితే తడుముకోకండి. ఆట ఆడేవాళ్లది. చూసేవాళ్లు వస్తే రానీ, రాకపోతే మానీ, మీరు ఆడండి.